నెల్లూరు, ఒంగోలు యూనివర్సిటీలు: అందరూ అడిగే ప్రశ్నలు, సూటి జవాబులు

ఇంట్లో పిల్లోడు ఇంటర్ పాసైనా, పెద్దాయన పాత డిగ్రీ సర్టిఫికెట్ కోసం బీరువా అంతా గాలించినా, మా వైపు చివరికి వచ్చేవి అవే సందేహాలు. మన యూనివర్సిటీ (నెల్లూరుకి విక్రమ సింహపురి, అంటే వీఎస్‌యూ, ఒంగోలుకి ఆంధ్రకేసరి) ఎప్పుడు పుట్టింది, అంతకుముందు మనం ఎవరి కింద ఉన్నాం, ఇప్పుడు ఏ ఆఫీసుకి పోవాలి. ఒక్కొక్కరికీ ఫోన్లో విడమరిచి చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే సరిపోతుందని ఇది. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న చూసుకుని వెళ్లిపోవచ్చు.

## జిల్లాలో యూనివర్సిటీ లేని రోజులు

అసలు మన తాతల కాలంలో డిగ్రీ ఎక్కడ చదివేవాళ్లు?

చదువు ఊళ్లో, పట్టా మద్రాసుది. 1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టాక చాలా దశాబ్దాలు మన ప్రాంతానికి అదే దిక్కు. నెల్లూరులో వీఆర్ కాలేజీ 1875లో స్కూలుగా మొదలై 1920లో కాలేజీ అయింది. వీఆర్ అంటే వెంకటగిరి రాజా. ఆ రోజుల్లో యూనివర్సిటీ అంటే సిలబస్ ఇచ్చి, పరీక్ష పెట్టి, పట్టా చేతిలో పెట్టే దూరపు ఆఫీసు. ఊళ్లో వాళ్లకి కాలేజీయే కనిపించేది, యూనివర్సిటీ పేరు సర్టిఫికెట్ మీద మాత్రమే. నిజం చెప్పాలంటే మన దగ్గర డిగ్రీ చదివే పిల్లల్లో చాలామందికి ఇప్పటికీ అంతే, క్యాంపస్ ఎట్లా ఉంటుందో చూడకుండానే పట్టా పుచ్చుకుంటారు.

ఆంధ్రా యూనివర్సిటీ వైజాగ్‌లో ఉంది కదా, దానికీ ఒంగోలుకీ ఏం సంబంధం?

ఒంగోలు అప్పట్లో గుంటూరు జిల్లా. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి తరలిపోయింది, గుంటూరు జిల్లా కాలేజీలు దాని కిందే ఉండేవి. దూరం ఎక్కువైపోయి 1967లో గుంటూరు దగ్గర ఒక పీజీ సెంటర్ పెట్టారు, అదే పెరిగి 1976 సెప్టెంబర్ 11న నాగార్జున యూనివర్సిటీ అయింది. అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ వచ్చి ప్రారంభించారు. పేరు ముందు 'ఆచార్య' చేరింది 2004లో. అందుకే ఒంగోలు పెద్దవాళ్లలో ఆంధ్రా యూనివర్సిటీ పట్టా ఉన్నవాళ్లూ కనిపిస్తారు, నాగార్జున పట్టా ఉన్నవాళ్లూ కనిపిస్తారు.

ఇంకొక్క మాట. ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన ఇంటిపేరుగా మారిన సర్వేపల్లి ఊరు మన నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలోదే. ఇప్పుడు విక్రమ సింహపురి క్యాంపస్ ఉన్నది కూడా అదే మండలంలో. కావాలని చేసిందేమీ కాదులెండి, కానీ వినడానికి బాగుంటుంది.

నెల్లూరు కోస్తా జిల్లా కదా, మరి తిరుపతి యూనివర్సిటీ కిందికి ఎట్లా పోయింది?

మంచి ప్రశ్న, దీని వెనక చాలా రాజకీయం ఉంది. మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోవాలని అడిగేటప్పుడు రాయలసీమ వాళ్లకి ఒక అనుమానం ఉండేది, అన్నీ కోస్తా వాళ్లే పట్టుకుపోతారని. ఆ అనుమానం తీర్చడానికి 1937 నవంబర్‌లో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా యూనివర్సిటీ కేంద్రం ఉండాలన్నది అందులో ఒక షరతు. సాగునీటి ప్రాజెక్టుల్లో ముందు రాయలసీమకీ నెల్లూరుకీ ప్రాధాన్యం ఇవ్వాలన్నది ఇంకొకటి. అంటే నెల్లూరుని రాయలసీమతో కలిపి చూడటం కొత్తగా వచ్చింది కాదు, రాష్ట్రం రాకముందు నుంచే ఉంది.

పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఉన్న ఆ కొద్దికాలంలోనే, 1954 సెప్టెంబర్ 2న, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) పుట్టింది. అనంతపురంలో రావాల్సింది తిరుపతిలో వచ్చింది. నెల్లూరు కాలేజీలు దాని కిందికి వెళ్లాయి. గూడూరు మీదుగా రైలెక్కితే తిరుపతి దగ్గరే కాబట్టి మన వాళ్లు పెద్దగా గొణగలేదు. వీఎస్‌యూ వచ్చిన 2008 దాకా, అంటే యాభై నాలుగేళ్లు, నెల్లూరులో డిగ్రీ అంటే ఎస్వీయూ డిగ్రీయే.

ప్రకాశం జిల్లాలో ఒక్కో ఊరి పెద్దవాళ్ల దగ్గర ఒక్కో యూనివర్సిటీ పట్టా ఎందుకుంటుంది?

జిల్లా అతుకుల బొంత కాబట్టి. 1970 ఫిబ్రవరిలో మూడు జిల్లాల నుంచి తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు నుంచి వచ్చింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి. జిల్లా ఒకటే అయినా ఆ పాత జిల్లాలు వేరు వేరు యూనివర్సిటీల కింద ఉండేవి. తర్వాత నాగార్జున వచ్చాక అందరూ ఒక గొడుగు కిందికి చేరారు. అంతకుముందు చదివిన వాళ్ల ఇళ్లలో అన్నదమ్ముల పట్టాలకే పేర్లు కలవవు.

## పుట్టిన కథ

కావలి పీజీ సెంటర్ ముందా, వీఎస్‌యూ ముందా?

కావలే ముందు, అదీ చాలా ముందు. ఎస్వీయూ వాళ్లు తిరుపతి బయట పెట్టిన పీజీ సెంటర్ అది, ఎంఏలు ఎమ్మెస్సీలు అక్కడ నడిచేవి. కావలికే ఎందుకంటే, అప్పటికే అక్కడ చదువుల వాతావరణం ఉంది. దొడ్ల రామచంద్రారెడ్డి 1951లో స్థాపించిన జవహర్ భారతి కాలేజీ వల్ల చుట్టుపక్కల పల్లెల పిల్లలు నెల్లూరు దాకా పోకుండా కావలిలోనే చదువుకున్నారు. పైగా నెల్లూరుకీ ఒంగోలుకీ నడుమ, మద్రాసు-బెజవాడ రైలు మార్గం మీద ఉన్న ఊరు. వీఎస్‌యూ వచ్చాక ఈ సెంటర్ దాని చేతికి వచ్చింది. నన్నడిగితే మన జిల్లాలో యూనివర్సిటీ వయసు 2008 నుంచి లెక్కపెట్టడం కావలికి అన్యాయం. ఊరికే బోర్డు మార్చినట్టు చూస్తారు గానీ, కొత్త యూనివర్సిటీకి మొదటి రోజే నడుస్తున్న పీజీ క్లాసులు దొరికింది కావలి పుణ్యమే.

వీఎస్‌యూని 2008లోనే ఎందుకు పెట్టారు? అంతకుముందు ఎవరికీ తోచలేదా?

అడగడం ఎప్పటినుంచో ఉంది, ఇవ్వడం అప్పుడు జరిగింది. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 2006-08 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో దాదాపు జిల్లాకొకటి అన్నట్టు యూనివర్సిటీలు వరసగా వచ్చాయి. కడపలో యోగి వేమన, రాజమండ్రిలో ఆదికవి నన్నయ 2006లో. మచిలీపట్నంలో కృష్ణా, కర్నూలులో రాయలసీమ, శ్రీకాకుళంలో అంబేద్కర్, కరీంనగర్‌లో శాతవాహన, మహబూబ్‌నగర్‌లో పాలమూరు 2008లో. నెల్లూరుది ఆ గుంపులోదే. మొదటి వీసీగా ఇంగ్లీషు ప్రొఫెసర్ సి.ఆర్. విశ్వేశ్వరరావు వచ్చారు.

కారణం పైకి ఒకటే చెప్తారు, పేద పిల్లలకి చదువు దగ్గరవ్వాలని. అది నిజమే. ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికి ఊరూరా ప్రైవేటు డిగ్రీ కాలేజీలు పుట్టుకొచ్చాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పిల్లలూ పెరిగారు. అన్ని జిల్లాల కాలేజీలకీ అనుబంధం ఇవ్వడం, తనిఖీలు చేయడం, పేపర్లు దిద్దించడం ఒక్క తిరుపతితోనో ఒక్క గుంటూరుతోనో అయ్యే పని కాకుండా పోయింది. కాబట్టి ఈ కొత్త యూనివర్సిటీల్లో ముందు పుట్టింది పరీక్షల విభాగం, క్లాసు రూములు తర్వాత. వీటిలో ఇప్పటికీ కనిపించే బలాలూ లోపాలూ చాలావరకు ఇక్కడి నుంచే వచ్చాయి.

ఊళ్లో పెట్టకుండా కాకుటూరులో ఎందుకు పెట్టారు? పోవాలంటే ప్రాణం మీదకొస్తుంది.

స్థలం. యూనివర్సిటీకి పదుల ఎకరాలు ఒకేచోట కావాలి, నెల్లూరు టౌన్‌లో అంత ప్రభుత్వ భూమి ఎక్కడుంది? తొలినాళ్లలో టౌన్‌లోనే సర్దుకుని నడిపారు. తర్వాత మద్రాసు రోడ్డులో వెంకటాచలం మండలం కాకుటూరులో సొంత క్యాంపస్ కట్టుకున్నారు. హైవే పక్కనే కాబట్టి గూడూరు, నాయుడుపేట వైపు పోయే బస్సులు అటే పోతాయి, కానీ ఎక్స్‌ప్రెస్ సర్వీసు ఎక్కి కాకుటూరులో ఆపమంటే కండక్టర్ ముఖం ఎట్లా పెడతాడో మీకు తెలుసు. పల్లెవెలుగు ఎక్కండి, లేకపోతే ఎక్కేముందే ఆపుతారా అని అడగండి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి రెండు బస్సులు తప్పవు, హాస్టల్ చూసుకోవడమే నయం.

విక్రమ సింహపురి అంటే ఎవరు? రాజా?

ఎవరూ కాదు, ఊరే. నెల్లూరు పాత పేరు అది. మనుమసిద్ధి ఏలిన, తిక్కన ఉన్న 13వ శతాబ్దపు నెల్లూరు. పొట్టి శ్రీరాములు పేరు ఎందుకు పెట్టలేదని కొందరు అడుగుతారు. ఆయన పేరు అదే 2008లో జిల్లాకే పెట్టారు, హైదరాబాదులో 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయానికి అంతకుముందే పెట్టారు.

ఒంగోలుకి యూనివర్సిటీ రావడానికి ఇంత ఆలస్యం ఎందుకైంది?

2008లో అందరికీ ఇచ్చినప్పుడు ప్రకాశం జిల్లాకి మాత్రం రాలేదు. నాగార్జున యూనివర్సిటీ నుంచి కృష్ణా జిల్లాని తీసి వేరే యూనివర్సిటీ చేశారు, ప్రకాశాన్ని కూడా తీసేస్తే నాగార్జునకి మిగిలేది గుంటూరే. ఒంగోలులో నాగార్జున పీజీ సెంటర్ ఎలాగూ ఉంది కదా అన్న సమాధానం కూడా వినిపించేది. గిద్దలూరు వైపు పిల్లవాడు ఒక సర్టిఫికెట్ కోసం గుంటూరు అవతల నాగార్జున నగర్ దాకా పోవాలంటే రోజంతా ప్రయాణం అన్న సంగతి ఆ సమాధానం చెప్పేవాళ్లకి పట్టలేదు.

చివరికి 2021-22లో ఆ పీజీ సెంటర్‌నే ఆంధ్రకేసరి యూనివర్సిటీగా మార్చారు. పేరు ప్రకాశం పంతులుది. ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. 1954లో తిరుపతికి యూనివర్సిటీ ఇచ్చిన ప్రభుత్వానికి ముఖ్యమంత్రి ఆయనే, ఆయన సొంత జిల్లాకి అది రావడానికి ఇంకో అరవై ఏడేళ్లు పైనే పట్టింది.

## చేరేముందు

ఇవి గవర్నమెంటువా, ప్రైవేటువా?

రెండూ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలే. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల చట్టం కింద నడుస్తాయి, గవర్నర్ ఛాన్సలర్. కాకపోతే వీటికి అనుబంధంగా ఉన్న డిగ్రీ కాలేజీల్లో ఎక్కువ భాగం ప్రైవేటువి. పట్టా గవర్నమెంటు యూనివర్సిటీది, ఫీజు కట్టేది ప్రైవేటు కాలేజీకి, అక్కడే చాలామంది తికమక పడేది. డీమ్డ్ యూనివర్సిటీలు, ప్రైవేటు యూనివర్సిటీలు వేరే సంగతి, అవి తమ పట్టా తామే ఇస్తాయి.

ఇంజనీరింగ్, మెడిసిన్ కూడా వీటి కిందేనా?

కాదు. నెల్లూరు జిల్లా ఇంజనీరింగ్ కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం, ప్రకాశం జిల్లావి జేఎన్‌టీయూ కాకినాడ. మెడిసిన్, నర్సింగ్ లాంటివి విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ, దానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టి 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకి మార్చారు, ఆ మధ్యలో చదివిన వాళ్లు సర్టిఫికెట్ మీద పేరు చూసి కంగారు పడక్కర్లేదు, సంస్థ ఒకటే. ఒంగోలు ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చింది, అది ట్రిపుల్ ఐటీలు నడిపే ఆర్జీయూకేటీ అనే వేరే యూనివర్సిటీది. వీఎస్‌యూ, ఆంధ్రకేసరి కిందికి వచ్చేవి బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ, బీసీఏ లాంటి డిగ్రీలు, బీఈడీ, మామూలు పీజీలు.

డిగ్రీలో చేరడానికి యూనివర్సిటీకి వెళ్లి అప్లై చేయాలా?

వద్దు. 2020 నుంచి రాష్ట్రమంతా ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లే. ఇంటర్ మార్కులతో వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటే సీటు వస్తుంది. ఇక్కడ జాగ్రత్త ఒకటి ఉంది. కొన్ని కాలేజీల ఏజెంట్లు మే నెలలోనే ఇంటికి వచ్చి 'మేమే పెట్టేస్తాం, ఓటీపీ చెప్పండి' అంటారు. చెప్పొద్దు. ఆప్షన్లు మీ పిల్లల చేత మీ ఫోన్ నుంచే పెట్టించండి, లేకపోతే మీరు వీఆర్ సెంటర్లో ఉన్న కాలేజీ అనుకుంటే సీటు ఎక్కడో ఊరి బయట వస్తుంది.

పీజీకి ఏ పరీక్ష రాయాలి?

ఏపీ పీజీసెట్. 2021కి ముందు ఏ యూనివర్సిటీ ఎంట్రన్స్ ఆ యూనివర్సిటీ పెట్టుకునేది, ఎస్వీయూకి ఒకటి, నాగార్జునకి ఒకటి, వీఎస్‌యూకి ఒకటి, ఫీజులు కట్టలేక చచ్చేవాళ్లు. ఇప్పుడు ఒక్కటి రాసి అన్నిటికీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఎంబీఏ, ఎంసీఏకి ఐసెట్, బీఈడీకి ఎడ్‌సెట్. క్యాంపస్ సీటుకీ అనుబంధ కాలేజీ సీటుకీ పట్టా ఒకటే, కానీ లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ చూసుకుంటే క్యాంపస్‌కే నా ఓటు. ఫీజూ తక్కువ.

మన ప్రాంతానికి పనికొచ్చే కోర్సులు ఏమన్నా ఉన్నాయా, లేక అన్నిచోట్లా ఉండేవేనా?

సముద్రం పక్కన, రొయ్యల గుంటల మధ్య ఉన్న జిల్లా మనది. వీఎస్‌యూలో మెరైన్ బయాలజీ ఉండటం ఊరికే కాదు. హేచరీలు, మేత కంపెనీలు, నీటి పరీక్షల ల్యాబులు ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఆ ఎమ్మెస్సీ చేసినవాడికి ప్రాజెక్టు కోసం ఊళ్లు తిరగక్కర్లేదు. అయితే చేపల పెంపకంలో వృత్తి డిగ్రీయే కావాలంటే ముత్తుకూరులో 1991 నుంచి ఉన్న ఫిషరీ సైన్స్ కాలేజీ వేరే, అది వీఎస్‌యూది కాదు, దాని అడ్మిషన్ దారి కూడా వేరు. బీఎస్సీ అనుకుని ఒకటి, బీఎఫ్‌ఎస్సీ (ఆ ఫిషరీ డిగ్రీ) అనుకుని ఇంకొకటి చేరిపోయే వాళ్లు ఏటా ఉంటారు.

తెలుగు చదివేవాళ్లకి ఇంకో సంగతి. తెలుగుకి 2008లో ప్రాచీన హోదా వచ్చింది, దానికోసం మైసూరులో ఉన్న ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రాన్ని తర్వాత నెల్లూరుకి తెచ్చారు. ఎంఏ తెలుగు అంటే ఇంట్లో మొహం చిట్లిస్తారు గానీ, పరిశోధన చేయాలనుకునే వాళ్లకి ఇంత దగ్గరలో ఇట్లాంటి కేంద్రం ఇంకెక్కడుంది?

పాత యూనివర్సిటీ పట్టాకే విలువ ఎక్కువ అంటారు. వీఎస్‌యూ, ఆంధ్రకేసరి అంటే ఉద్యోగం ఇస్తారా?

ప్రభుత్వ ఉద్యోగానికి ఏ తేడా లేదు. గ్రూప్స్ అయినా, డీఎస్సీ అయినా, బ్యాంకు అయినా నోటిఫికేషన్‌లో అడిగేది గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ, ఇవి రెండూ చట్టం ద్వారా వచ్చినవే. అక్కడ మార్కులు మీవి, ర్యాంకు మీది.

ప్రైవేటులో మాత్రం నిజం కొంచెం చేదుగా ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీకి దాదాపు వందేళ్ల పాత విద్యార్థులు ఉన్నారు, వాళ్లలో ఎవరో ఒకరు ఇంటర్వ్యూ బల్ల అవతల కూర్చునే అవకాశం ఎక్కువ. కొత్త యూనివర్సిటీకి ఆ బలగం తయారవడానికి ఒక తరం పడుతుంది. బెంగళూరులో వీఎస్‌యూ అంటే 'అదెక్కడ?' అని అడుగుతారు, అడిగితే చెప్పండి, సిగ్గుపడే పనేముంది. ఎస్వీయూని కూడా 1954లో మద్రాసు వాళ్లు అట్లాగే అడిగి ఉంటారు. కాబట్టి పేరు చూసి భయపడకండి, మీరు చేరే విభాగంలో పాఠం చెప్పేవాళ్లు ఎందరున్నారు, ల్యాబ్ పనిచేస్తోందా, ముందు బ్యాచ్ వాళ్లు ఎక్కడున్నారు, ఈ మూడూ కనుక్కోండి. న్యాక్ గ్రేడ్ (కాలేజీలు, యూనివర్సిటీల నాణ్యతకి ఇచ్చేది) కావాలంటే న్యాక్ సైట్‌లోనే చూడండి, ఫ్లెక్సీ మీద వేసింది నమ్మొద్దు.

## చదువుతున్నప్పుడు

జిల్లాలు మార్చేశారు కదా, మా కాలేజీ యూనివర్సిటీ కూడా మారిపోతుందా?

దానంతట అది మారదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి, కందుకూరు నెల్లూరు జిల్లాకి, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకి పోయాయి, ఆ సరిహద్దుల మీద గొడవలూ మార్పులూ తర్వాత కూడా ఆగలేదు. కలెక్టరేట్ మారినంత మాత్రాన అనుబంధం మారదు, దానికి విడిగా ప్రభుత్వ ఉత్తర్వు రావాలి. వచ్చినా సాధారణంగా కొత్తగా చేరే బ్యాచ్ నుంచే అమలవుతుంది, మధ్యలో ఉన్నవాళ్లు చేరిన యూనివర్సిటీలోనే ముగిస్తారు. మీ హాల్‌టికెట్ పైన ఏ పేరుందో అదే మీది.

మా అన్న ఎంపీసీ చదివాడు, నాకేమో సింగిల్ మేజర్ అంటున్నారు. ఏంది ఇది?

రూల్స్ మారిన బ్యాచ్‌లు వేరు. మన డిగ్రీల్లో 2015-16 నుంచి సెమిస్టర్లు వచ్చాయి, అంతకుముందు ఏడాదికోసారి పరీక్ష. 2020-21 బ్యాచ్ నుంచి ఇంటర్న్‌షిప్, నాలుగో ఏడాది చదివితే ఆనర్స్ అన్నారు. 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల కాంబినేషన్ తీసేసి ఒక మేజర్, దానికి తోడు మైనర్ అన్నారు. ఇది వీఎస్‌యూ పెట్టిందీ కాదు ఆంధ్రకేసరి పెట్టిందీ కాదు, రాష్ట్ర ఉన్నత విద్యామండలి అందరికీ ఒకేసారి పెట్టింది. సీనియర్ల నోట్సు తెచ్చుకునేముందు మీ బ్యాచ్ రెగ్యులేషన్ ఏదో చూసుకోండి. నా మట్టుకు నాకు, పల్లెటూరి పిల్లలకి ఆ మూడు సబ్జెక్టుల పద్ధతే మేలు, ఒకటి తేలిపోయినా ఇంకోటి పట్టుకునేవాళ్లు.

క్యాంపస్‌లో పర్మనెంట్ లెక్చరర్లు లేరంటారు, నిజమేనా?

చాలావరకు నిజం, ఇది మన రెండింటికే పరిమితమైన జబ్బు కాదు. రాష్ట్ర యూనివర్సిటీలన్నిటిలో ఖాళీలు ఏళ్లకేళ్లు నిండవు, నోటిఫికేషన్ ఇస్తారు, ఎవరో కోర్టుకి పోతారు, ఆగిపోతుంది. పాత యూనివర్సిటీలకి పాతకాలపు రెగ్యులర్ ప్రొఫెసర్లు కొందరైనా మిగిలారు. కొత్తవి పుట్టేసరికే నియామకాలు తగ్గాయి, అందుకని ఇక్కడ బండి లాగేది కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీయే. వాళ్లలో పీహెచ్‌డీలు, నెట్‌లు ఉన్నవాళ్లు బోలెడు, పాఠం బాగా చెప్పేవాళ్లూ ఉన్నారు. సమస్య పాఠంతో కంటే పరిశోధనతో. గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ పోస్టు కావాలి కాబట్టి పీహెచ్‌డీ సీట్లు తక్కువే ఉంటాయి. పీజీకి చేరేవాళ్లు దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు, పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు మాత్రం ముందు గైడ్ ఉన్నాడా అని చూసుకుని తర్వాత అడుగు వేయండి.

వీసీని ఎవరు పెడతారు? ప్రభుత్వం మారితే వీసీ ఎందుకు మారతారు?

చట్టం ప్రకారం సెర్చ్ కమిటీ మూడు పేర్లు ఇస్తుంది, ఛాన్సలర్ హోదాలో గవర్నర్ ఒకరిని నియమిస్తారు, కాలం మూడేళ్లు. కమిటీలో యూజీసీ, ప్రభుత్వం, యూనివర్సిటీ పాలకమండలి నుంచి ఒక్కొక్కరు ఉంటారు. కాగితం మీద ఇంత. మిగతాది పేపర్ చదివే ఎవరికైనా తెలుసు. ఇద్దరు వీసీల మధ్య ఇన్‌ఛార్జ్ కాలం వస్తుంది చూశారా, ఫైళ్లు కదలనిది అప్పుడే.

హాజరు తక్కువైతే పరీక్ష రాయనివ్వరా?

75 శాతం ఉండాలి. 65కి పైన ఉండి ఆరోగ్య కారణం చూపిస్తే కండోనేషన్ ఫీజు కట్టించుకుని రాయనిస్తారు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి.

## పాసయ్యాక

మా నాన్న 1990ల్లో నెల్లూరులో డిగ్రీ చేశారు. సర్టిఫికెట్ పోయింది. కాకుటూరు పోవాలా?

వద్దు, తిరుపతి పోవాలి. ఆయన చదివినప్పుడు వీఎస్‌యూయే లేదు, రికార్డులన్నీ ఎస్వీయూ పరీక్షల విభాగంలో ఉంటాయి. కావలి పీజీ సెంటర్లో అప్పట్లో చదివినవాళ్లకీ అంతే. ఒంగోలులో అదే కాలంలో చదివి ఉంటే నాగార్జున. పాత మార్కుల మెమో జిరాక్స్ ఒక్కటి దొరికినా పైన ఏ యూనివర్సిటీ పేరుందో, రిజిస్టర్ నంబర్ ఏంటో తెలిసిపోతుంది, సగం పని అయినట్టే. జిరాక్స్ కూడా లేకపోతే ముందు చదివిన కాలేజీకి పోండి, అడ్మిషన్ రిజిస్టర్లో పేరూ సంవత్సరం దొరికితే నంబర్ పట్టుకోవచ్చు. డూప్లికేట్ కోసం పోయిందని పోలీస్ స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ, నోటరీ అఫిడవిట్, ఫీజు అడుగుతారు. కాలేజీ మూతపడి ఉంటే నేరుగా యూనివర్సిటీనే అడగాలి.

యూనివర్సిటీ మారే టైంలో చదివాం. కొన్ని మెమోల మీద ఒక పేరు, పట్టా మీద ఇంకో పేరు ఉంటే ఇబ్బందా?

ఇబ్బంది కాదు కానీ ప్రశ్న అడుగుతారు. మామూలుగా ఏ సంవత్సరం చేరారో ఆ యూనివర్సిటీయే పట్టా ఇస్తుంది, ఏ సంవత్సరం పాసయ్యారో దాన్ని బట్టి కాదు. డిగ్రీ ఒక యూనివర్సిటీలో, పీజీ ఇంకో యూనివర్సిటీలో చేసినవాళ్లయితే మైగ్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోండి. ఉద్యోగంలో సర్టిఫికెట్ల పరిశీలనప్పుడు అనుమానం వస్తే, యూనివర్సిటీ ఏర్పాటు చేసిన ప్రభుత్వ ఉత్తర్వు కాపీ చూపిస్తే సరిపోతుంది.

పీసీ, ఓడీ, సీఎంఎం అంటారు. ఏది ఎప్పుడు అవసరం?

పీసీ ప్రొవిజినల్, పాసైన వెంటనే ఇచ్చేది, పై చదువులో చేరడానికి చాలు. సీఎంఎం అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి ఒకే కాగితం. ఓడీ ఒరిజినల్ డిగ్రీ, స్నాతకోత్సవంతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆలస్యం అవుతుంది, అందుకని ఉద్యోగం వచ్చే దాకా ఆగకుండా ముందే అప్లై చేసి పెట్టుకోండి. ఇప్పటి బ్యాచ్‌లకి డిజీలాకర్‌లో కూడా వస్తున్నాయి, ఒకసారి తెరిచి పేరు స్పెల్లింగ్ టెన్త్ సర్టిఫికెట్‌తో కలుస్తోందా అని అక్షరం అక్షరం చూడండి. తప్పుంటే చదువుతున్నప్పుడే దిద్దించుకోవడం తేలిక.

అమెరికాకి అప్లై చేస్తున్నా. ట్రాన్‌స్క్రిప్ట్ కాలేజీ ఇస్తుందా, యూనివర్సిటీనా?

యూనివర్సిటీ. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో ఇచ్చేది చాలాచోట్ల ఒప్పుకోరు. పరీక్షల విభాగంలో ఫీజు కట్టి, ఎన్ని సెట్లు కావాలో రాసి, సీల్ వేసిన కవర్లలో అడగండి. విదేశీ చదువులకి మన సర్టిఫికెట్లని పరిశీలించే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు నేరుగా యూనివర్సిటీ నుంచే పంపమంటాయి, దాని ఫారం మీరు ముందే ప్రింట్ తీసుకుని పోవాలి. సంక్రాంతి ముందు, పరీక్షల సీజన్లో పోతే సంతకం పెట్టేవాళ్లు దొరకరు.

పదేళ్ల కిందటి సబ్జెక్టు ఒకటి మిగిలిపోయింది. ఇప్పుడు రాయొచ్చా?

గడువు దాటితే మామూలు సప్లిమెంటరీలో రాయనివ్వరు. అయితే యూనివర్సిటీలు అప్పుడప్పుడు పాత బ్యాచ్‌ల కోసం ఒక్క అవకాశం అంటూ ప్రత్యేక నోటిఫికేషన్ ఇస్తుంటాయి, ఫీజు కాస్త ఎక్కువే ఉంటుంది. మీరు ఎస్వీయూ కింద చేరి ఉంటే ఎస్వీయూ నోటిఫికేషన్, నాగార్జున అయితే నాగార్జునది చూడాలి, వీఎస్‌యూలోనో ఆంధ్రకేసరిలోనో వచ్చిన నోటిఫికేషన్ మీకు వర్తించదు. సిలబస్ మారిపోయి ఉంటుంది కాబట్టి పాత పేపరే ఇస్తారా, దానికి సమానమైన కొత్త పేపర్ రాయాలా అన్నది ఫీజు కట్టేముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.